క్లాసుకు ముందే టైలరత్త పాఠం

ఇలా దగ్గరికి జరగండర్రా, మీ టైలరత్త సంగతి చెబుతాను. స్పానిష్ నేర్చుకుందామని పరదేశంలో దిగింది. క్లాసుకు ఇంకా మూడు రోజులున్నాయి.

“యాభై ఏళ్లకు నీ నోరేం తిరుగుతుందమ్మా! గది దాటకు, తప్పిపోతావు,” అని ఫోనులో కూతురు ఒకటే పోరు.

“తప్పిపోవడానికి నేనేమన్నా గుండుసూదినా?” అంటూ అత్త చెప్పులేసుకుంది.

సందు చివర కుట్టుమిషను చప్పుడు వినబడి లోపలికి వెళ్లింది. దారం మాటిమాటికీ తెగుతుంటే ముసలి టైలరు విసుక్కుంటున్నాడు. అత్త చేయి చాపి, మిషనులో దారాన్ని బిగించే మరను అర చుట్టు వదులు చేసింది. కుట్టు హాయిగా సాగింది. ఆయన నవ్వి సూది, దారం, కత్తెర చూపిస్తూ స్పానిష్‌లో వాటి పేర్లు చెప్పాడు. నోరు తిరిగేదాకా అత్త వదల్లేదు.

మొదటిరోజు క్లాసులో, “ఎవరికైనా ఒక్క మాట వచ్చా?” అని పంతులమ్మ సైగ చేస్తే, ముందు లేచిన చెయ్యి అత్తదే.

మాట రాదని గుమ్మంలోనే ఆగిపోయేవాళ్లు కనబడితే, గుర్తుపెట్టుకుని ఇది చెప్పండి.