బొటనవేలితో మూసిన ట్యూబు

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు కావేరి మీద అరిచినప్పుడు కూడా తప్పంతా ఆ పిల్లదే అనుకున్నాను.

ఆర్మూర్‌లో మా కాలేజీ ల్యాబ్ అంటే రెండు బల్లలు, ఒక ఓవెన్, నేను పోట్లాడి కొనిపించిన యూవీ ల్యాంపు. పసుపును నీళ్లలో కలిపి, గట్టి మూతున్న స్టీలు డబ్బాలో ఆరు గంటలు ఓవెన్‌లో ఉంచితే కార్బన్ నలుసులు పుడతాయి. కంటికి ఆనవు గానీ, ల్యాంపు కింద ఆ నీళ్లు నీలంగా వెలుగుతాయి. క్రోమియం పడితే ఆ వెలుగు తగ్గిపోతుంది. పసుపు కొమ్ములకు నిగనిగ కోసం పట్టించే రంగుపొడిలో సీసంతో కలిసి ఉండేది ఆ క్రోమియమే. మార్కెట్ పసుపులో ఆ కల్తీని పట్టుకోవాలన్నది మా ప్రాజెక్టు. వెలిగే నీళ్లున్న ట్యూబుల్లో ఒక్కో దుకాణం పసుపు వేసి చూస్తాం; పోలికకు ఒకదాంట్లో మాత్రం పసుపుకు బదులు వట్టి నీళ్లు పోస్తాం.

కావేరి ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతోంది; పొద్దున ఏదో పనికి పోయి, ఆ తర్వాతే కాలేజీకి వస్తుంది. ఏడు నెలల పాప ఉంది. ఇంట్లో చూసేవాళ్లు లేక ల్యాబ్ వరండాలో చీర ఉయ్యాల కట్టి పడుకోబెడుతుంది. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటాను.

ఆ రోజు ఎనిమిది ట్యూబులూ మసకబారాయి. పసుపే వేయని వట్టి నీళ్ల ట్యూబుతో సహా.

"వట్టి నీళ్లల్ల కల్తీ యాడికెల్లి వచ్చింది? ట్యూబులన్న కడిగినవా?"

"మూడుసార్లు కడిగిన మేడం."

పక్కనే నిలబడి ఆ వట్టి నీళ్ల ట్యూబునే మళ్లీ చేయించాను. ట్యూబు కడిగింది, రంగు కరగడానికి పల్చటి యాసిడ్ చుక్క వేసింది, అన్నీ సరిగ్గానే చేసింది. చివర్లో మాత్రం ట్యూబు మూతిని బొటనవేలితో మూసి గిలకొట్టింది. పిల్లలందరికీ ఉన్న పాడలవాటే. ల్యాంపు కింద పెడితే వెలుగు లేదు. అవే నీళ్లతో నేను ఇంకోటి చేసి, రబ్బరు బిరడాతో మూసి ఊపాను. నీలంగా వెలిగింది.

నాకు భయం వేసింది.

"చేతులు చూపియ్యి."

సబ్బుతో కడిగిన చేతులే. గోళ్ల సందుల్లో మాత్రం పచ్చటి గీతలు.

"పొద్దుగాల ఏం పనికి పోతవ్?"

"పాలిష్ డ్రమ్ము కాడికి మేడం. కొమ్ములు తిరుగుతుంటే జర రంగుపొడి చల్లాలె. సేటే ఇస్తడు. పాప కడుపుల ఉన్నప్పటిసంది పోతున్న."

మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఆ పొడిలో సీసం ఉండొచ్చని, అది పసిపిల్లల మెదడును దెబ్బతీస్తుందని, రేపే నిజామాబాద్ పోయి ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాలని చెప్పేశాను.

కావేరి తన వేళ్లను చూసుకుంది.

"పాప బరువు పెరుగుతలేదు మేడం. ఒక్కతీరుగ ఏడుస్తది. పండ్లు వస్తున్నయేమో అనుకొని నా వేలే నోట్ల పెడుతున్న. గప్పుడే ఊకుంటది."

వరండాలో పాప లేచింది. కావేరి ఒక్క ఉదుటున వెళ్లి, ఉయ్యాల మీదికి వంగి, వేలు చాచి ఆగిపోయింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"మీరెత్తుకోండ్రి మేడం."

ఎత్తుకున్నాను. పాప నా భుజం మీదుగా తల్లి వైపు వంగి, నోరు తెరిచి, ఆ వేలి కోసం ఏడుస్తూనే ఉంది.