దొరగారి గాలిచక్రం

రాజమండ్రి రైలువంతెన ఇంకా కొత్తగా ఉన్న రోజులు. మా పాదిరీ దొరగారికి సైకిలు వచ్చిన వారమే మిషను ఎడ్లబండికి బేరం కుదిరింది. ధవళేశ్వరం నుంచి కాలవగట్టు ఊళ్లన్నిటికీ దొరగారిని తిప్పిన బండి అది. బండితోపాటు దాన్ని తోలే చిట్టియ్యకూ సెలవేనని సంఘపెద్ద ఏసురాజుగారు చెప్పేశారు. సైకిలుకు మేత అక్కర్లేదు, తోలేవాడూ అక్కర్లేదు.

గాలి కొట్టేవాడైనా కావాలి కదా అని చిట్టియ్యకు ఆశ పుట్టింది. ఎవరూ అడక్కుండానే పొద్దున్నే బంగళా వసారాలో పంపు పట్టుకుని నిలబడేవాడు. ఇనపపట్టా చక్రాలతో బతికినవాడు. చక్రమంటే గట్టిగా ఉండాలని అతని నమ్మకం. ఏసురాజుగారిదీ అదే నమ్మకం.

ఒక శనివారం దొరగారు ప్రయాణమవుతుంటే ఏసురాజుగారు బొటనవేలితో టైరు నొక్కి చూశారు.

"ఇంకా వేలు దిగుతోందిరా. కొట్టు."

చిట్టియ్య కొట్టాడు. మళ్లీ నొక్కారు, మళ్లీ కొట్టించారు. ఇంకో నాలుగు కొట్టమని చెప్పి, దొరగారిని పిలవడానికి లోపలికి వెళ్లారు. అప్పుడు పేలింది. రబ్బరు చీలిక చిట్టియ్య ఎడమకంటికి తగిలింది. ఆ కంటికి చూపు ఇక రాదని ఆస్పత్రిలో చెప్పారు.

బుధవారం కృతజ్ఞతకూటం పెట్టారు. అదే టైరు గట్టు మీద పేలితే దొరగారు కాలవలో పడేవారు కదా. దేవదూతలు దొరగారి చుట్టూ కంచె వేశారని ఏసురాజుగారు ప్రార్థించారు. మేమంతా ఆమెన్ అన్నాం. కంటికి గుడ్డ కట్టుకుని కూర్చున్న చిట్టియ్య కూడా అన్నాడు.

సాక్ష్యాలు చెప్పమంటే అతని భార్య జ్ఞానమ్మ లేచింది.

"దొరగార్ని కాపాడినందుకు స్తోత్రమండి. ఆ కంచేదో ఇంకో బారెడు ఇవతలికి వేసుంటే మా ఆయన కూడా లోపలికొచ్చేవాడు కదండి."

ఎవరూ నవ్వలేదు. ప్రభువును అలా అడగవచ్చో లేదో నాకు తెలియదు. జవాబు మాత్రం నాకూ వినాలనిపించింది.

దొరగారు ఆమె మాటను రెండుసార్లు చెప్పించుకుని అర్థం చేసుకున్నారు. ముఖం ఎర్రబడింది. చిట్టియ్యను అదే జీతం మీద బంగళా కాపలాకు ఉంచుతామని అక్కడే చెప్పారు.

ఏసురాజుగారికి ప్రాణం లేచివచ్చింది.

"చూశావా జ్ఞానమ్మా? బండితోనే మీకు పని పోవలసింది. ఆ టైరు పేలబట్టి నిలిచింది. ప్రభువు ఏం చేసినా మన మేలుకే."

ఆమె కొంగు సర్దుకుంది.

"నిజమేనండి. ఇంకో మేలు మాత్రం చెయ్యొద్దని మీరే ప్రార్థించండి అయ్యగారూ. ఇక ఒక్క కన్నే ఉందండి."

ఏసురాజుగారు వెంటనే కీర్తన ఎత్తుకున్నారు, శ్రుతి కూడా చూసుకోకుండా.