చెప్పుల స్టాండు పక్కన ఉయ్యాల

పసిది ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మర్నాటి నుంచే ఆ ఇంట్లో ఉయ్యాల ఒకచోట నిలవడం మానేసింది. తప్పు దాని కిందున్న చక్రాలది కాదు, పాప నాన్నది.

పిల్ల కాస్త తక్కువ బరువుతో పుట్టింది. "పాలు బాగానే తాగుతోంది, పుంజుకుంటుంది" అంది డాక్టరమ్మ. తల్లి ఆ మాట నమ్మింది. తండ్రి మాత్రం నమ్మేముందు నెట్‌లో చూశాడు. కరెంటు తీగల చుట్టూ, ఫ్రిజ్జుల చుట్టూ అయస్కాంత క్షేత్రం ఉంటుందనీ, దానివల్ల పసివాళ్లకి ఏమైనా అవుతుందేమో పరిశీలిస్తున్నారనీ ఎవరో రాశారు. ఆ "ఏమో" అతని కంటికి ఆనలేదు. వెంటనే అయస్కాంతాన్ని కొలిచే యాప్ ఒకటి ఫోన్లో వేసుకుని, మెడనొప్పికని అమ్మ కొనిచ్చిన కడియంతో సహా కుడిచెయ్యి చాపి ఇల్లంతా తిరిగాడు.

మంచం పక్కన అంకె ఎగిరిపడింది. కిటికీ దగ్గరా అంతే. ఇంతలో పాప ఏడిస్తే కుడిచేత్తో ఎత్తుకుని, ఫోను ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. వీధి తలుపు పక్కన, చెప్పుల స్టాండు దగ్గర అంకె బుద్ధిగా దిగింది. ఉయ్యాల అక్కడికి చేరింది.

"ఒరేయ్, పిల్లని పడుకోబెట్టావా, కాపలా పెట్టావా?" అంది అతని తల్లి.

"నీకు తెలీదమ్మా. ఇంట్లో క్షేమమైన చోటు ఇదొక్కటే."

"అవున్రా, నీ బూట్ల వాసనకి అయస్కాంతం కూడా దగ్గరికి రాలేదు."

కోడలికి నవ్వొచ్చింది. నవ్వితే ఆపరేషన్ కుట్లు లాగాయి. అసలు బాధ అదే. పాప ఏడ్చినప్పుడు అతను స్నానంలో ఉంటే ఆమె గోడ పట్టుకుని హాలంతా దాటాలి. అంతకన్నా, కళ్లు తెరవగానే పక్కన ఆ చిన్న ముఖం లేకపోవడం ఆమెకి దిగులుగా ఉంది.

"ఏవండీ, దాన్ని నా పక్కన పడుకోనివ్వండి."

"అంకె ఒప్పుకోవట్లేదే."

"అయితే పాలు కూడా అంకెనే ఇమ్మనండి."

మర్నాడు పొద్దున్న అతను స్నానానికి వెళ్లినప్పుడు ఆమె ఫోను తీసి మంచం పక్కన పెట్టి చూసింది. అంకె కదల్లేదు. కిటికీ దగ్గరా అంతే. తల తుడుచుకుంటూ వచ్చి, "ఇలా ఇవ్వు" అని అతను కుడిచేత్తో అందుకున్నాడో లేదో అంకె ఎగిరింది. ఆమె లాక్కుంది, దిగింది. మళ్లీ ఇచ్చింది, ఎగిరింది. స్నానంలో కూడా తియ్యని ఆ కడియం మీద ఆమె చూపు ఆగింది.

"అత్తయ్యా, ఈ కడియంలో ఏముంది?"

"అయస్కాంతాలమ్మా! నొప్పిని లాగేస్తాయన్నాడు కొట్టతను."

ఆమె భర్త వైపు తిరిగింది.

"అంటే పిల్లని వీధి తలుపు దాకా తరిమింది మీరేనన్నమాట" అంది ఆమె.

"పోనీ, మెడనొప్పి తగ్గిందా?" అంది అత్తగారు.

"ఉయ్యాల తోసి తోసి ఇంకా ఎక్కువైంది."

అయినా మనసు ఆగక డాక్టరమ్మకి ఫోన్ చేశాడు. "ఇళ్లల్లో ఉండేపాటి దానివల్ల పిల్లలకి హాని అని తేలలేదయ్యా. అసలు నీ ఫోను కొలిచేది మామూలు అయస్కాంతాన్ని, కరెంటు తీగల దాన్ని కాదు. అంత బెంగగా ఉంటే ఫ్రిజ్ ఉన్న గోడకి ఎడంగా పడుకోబెట్టు. తల్లికి మాత్రం ఎడం చెయ్యకు" అందావిడ.

ఉయ్యాల మంచం పక్కకి వచ్చింది. కడియం తీసి వంటింట్లో పెట్టబోతే ఫ్రిజ్ తలుపుకి టక్కున అతుక్కుంది.

"అంత భయమెందుకండీ?" అంది ఆమె.

"మొదటిసారి చేతిలో పెట్టినప్పుడు దాని బరువే తెలీలేదు. ఏదో ఒకటి చెయ్యకపోతే ఊపిరాడలేదు."

ఈసారి ఆమె వేళాకోళం చెయ్యలేదు. పాపని తీసి అతని బోడిచేతిలో పెట్టింది. "ఇప్పుడు చూడండి, యాప్ లేకుండా."

అతను చాలాసేపు చూశాడు. "తెలుస్తోందే" అన్నాడు.

హాల్లో కుర్చీ ఈడుస్తున్న చప్పుడైంది. అత్తగారు చెప్పుల స్టాండు పక్కన సర్దుకుని కూర్చుంటోంది.

"క్షేమమైన చోటట, ఖాళీగా ఎందుకుండాలి!"