టైపు మొదటి పాఠంతో తెరుచుకున్న బ్యాంకు

నేను ఒక కీబోర్డును. కంప్యూటరు ముందు పడుకుని మనుషుల వేలి దెబ్బలు కాచుకునే జాతి నాది. మద్రాసులోని ఎడిటింగ్ గది నుంచి ఫోను వచ్చి, "ఆ సీను కొయ్యలేదు, మొత్తం ఉంచారు" అన్న కబురు తెలియగానే విఠల్ నన్ను బల్ల మీద నుంచి అమాంతం ఎత్తి గుండెకు హత్తుకున్నాడు. అతని చొక్కా గుండీలు తగిలి నా మీటలు నాలుగు ఒకేసారి కిందికి దిగాయి. పక్కనే నిలబడ్డ సురేఖ నవ్వబోయి, సగంలో ఆగింది.

"అయితే ఇగ మా నాయిన జూస్తడు," అంది.

ఆ ఒక్క మాటలో సంతోషమూ ఉంది, బెదురూ ఉంది. నాలో రెండు మీటలు కలిపి నొక్కితే విడివిడిగా ఏ మీటా చెయ్యలేని మూడో పని జరుగుతుంది. మనుషులు కూడా అలాగే తయారయ్యారేమోనని ఆ రోజే నాకు అనుమానం వచ్చింది.

ఇంతకీ ఆ సీను ఏమిటో, సురేఖ వాళ్ళ నాన్న చూస్తే ఏమవుతుందో చెప్పాలంటే నా పుట్టుక నుంచి మొదలుపెట్టాలి.

సముద్రం అవతల ఏదో ఫ్యాక్టరీలో పుట్టాను. పుట్టగానే ఒక యంత్రం నా ప్రతి మీటనూ ఒక్కొక్కసారి నొక్కి, పనికొస్తానని చీటీ అంటించింది. ఆ చీటీని నమ్ముకుని ఓడెక్కాను, రైలెక్కాను, సికింద్రాబాదులో ఒక గోదాములో దిగాను. ఆ ఏడు వానలకు గోదాము కప్పు కారి నా అట్టపెట్టె నానింది. నాకేమీ కాలేదు. కానీ పెట్టె పాడైన సరుకును కొనేవాడు ఉండడు. లోపలి మనిషి ఎలాంటివాడైనా చొక్కా నలిగితే ఎవరూ కుర్చీ వెయ్యరు కదా, ఇదీ అంతే. నాతోపాటు వచ్చిన వాళ్ళందరూ బ్యాంకులకూ ఆఫీసులకూ వెళ్ళిపోయారు. నేను మాత్రం ఒక్క కంప్యూటరుకైనా తగులుకోకుండానే పాత సామాను కిందికి జమ అయ్యాను.

అక్కడికి వచ్చాడు విఠల్. సినిమాల్లో ఆర్ట్ డిపార్ట్‌మెంటులో పనిచేసేవాడు. సెట్టు వెయ్యడం, రంగులు పూయడం, లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం అతని వృత్తి. జేబులో ఎప్పుడూ చిన్న స్క్రూడ్రైవరు ఉంటుంది. 'గాజుతాళం' అని ఒక సినిమా తీస్తున్నారు. అందులో హీరో కంప్యూటరు ముందు కూర్చుని, దొంగలు దాచుకున్న బ్యాంకు ఖాతాల్లోకి తాళంచెవి లేకుండా దూరిపోతాడు. అప్పటికి ఊళ్ళో చాలామంది కంప్యూటరును ఫొటోల్లోనే చూశారు. అందుకే ఆ సీను అదిరిపోవాలని డైరెక్టరుగారి పట్టుదల.

నన్ను ఎత్తుకెళ్ళి ఒక మానిటరు ముందు పెట్టారు. హమ్మయ్య, ఇన్నాళ్ళకు నాకూ ఒక తోడు దొరికిందనుకున్నాను. తీరా చూస్తే దానిలో ఏమీ లేదు. ఉత్త డొల్ల. నిజం మానిటరును సినిమా కెమెరాతో తీస్తే తెర మీద నల్లటి పట్టీలు పైకీ కిందికీ పాకుతాయట. అందుకని విఠల్ లోపలి గాజు గొట్టం పీకేసి, తన సొంత కంప్యూటరు తయారుచేశాడు. నల్లకాగితం చుట్టలో బ్లేడుతో అంకెలూ అక్షరాలూ వరసలు వరసలుగా కోశాడు. వెనక ఆకుపచ్చ సెల్లోఫేన్ కాగితం అంటించాడు. దాని వెనక పెద్ద బల్బు. కాగితం చుట్టను పైకి లాగడానికి రెండు చపాతీ కర్రలు, ఒకటి పైన, ఒకటి కింద. తను డబ్బా వెనక గోనెపట్టా కప్పుకుని కూర్చుని, కర్ర తిప్పితే ఒక్కో వరసా వెలుగుతూ పైకి వస్తుంది. దేశంలోని బ్యాంకులన్నిటినీ వణికించిన ఆ కంప్యూటరు లోపల ఉన్నది చపాతీ కర్రలు.

ఇక చేతులు కావాలి. హీరోగారు ఒక్క చూపుడు వేలితోనే టైపు చేసేవారు. అక్షరం కోసం నా మీద వెతికే తీరు చూస్తే బియ్యంలో రాళ్ళు ఏరుతున్నట్టు ఉండేది. ప్రొడక్షన్ మేనేజరు చిక్కడపల్లిలోని ఒక టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాడు. దాన్ని నడిపే అంబాదాస్ సారు ఆ సమయానికి ఊళ్ళో లేరు. కూతురు సురేఖ పిల్లలకు పాఠం చెబుతోంది. టైపు పరీక్షల్లో లోయరూ హయ్యరూ రెండూ పాసైంది. చేతుల వరకే తీస్తాం, మొహం కనపడదని మేనేజరు హామీ ఇస్తే సరదాగా ఒప్పుకుంది. సినిమా వాళ్ళంటే నాన్నకు గిట్టదని తెలుసు కాబట్టి ఇంట్లో చెప్పలేదు.

షూటింగు రోజున హీరోగారి పొడుగు చేతుల చొక్కా తొడిగారు. ఆయన గడియారం పెట్టారు. గాజులు తియ్యమన్నారు. తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక డబ్బా వెనక కూర్చున్న మనిషి చేతికిచ్చింది. విఠల్‌ను ఆమె మొదట చూసింది అప్పుడే. చూసిందంటే పట్టా కింద నుంచి బయటికి వచ్చిన అరచెయ్యిని చూసింది, అంతే.

ఆమె వేళ్ళు నా మీద వాలిన క్షణం నాకు బాగా గుర్తు. అంతకుముందు నన్ను తాకినవి యంత్రాలూ, దుమ్ము గుడ్డలూ, హీరోగారి ఒంటి వేలూ. ఈమె వేళ్ళు చిటికెన వేలి నుంచి చూపుడు వేలి దాకా ఎవరి చోట వాళ్ళు కూర్చున్నట్టు కూర్చున్నాయి. ఏం కొట్టమంటారని అడిగింది. ఏదైనా సరే, స్పీడుగా కొట్టమన్నారు డైరెక్టరుగారు. టైపు నేర్చుకున్నవాళ్ళ వేళ్ళకు ఏదైనా సరే అంటే వచ్చేది ఒక్కటే. ఏ, ఎస్, డీ, ఎఫ్, సెమికోలన్, ఎల్, కే, జే. మొదటిరోజు మొదటి పాఠం. 'గాజుతాళం'లో బ్యాంకు తలుపులు తెరిచిన రహస్య మంత్రం అదేనని ఇప్పటిదాకా మీకెవరూ చెప్పి ఉండరు.

రిహార్సలు కుదరలేదు. ఆమె కొట్టేది ఒక దారి, వరసలు పైకి వచ్చేది ఇంకో దారి. విఠల్‌కు ఆమె చేతులు కనపడవు, ఆమెకు అతను కనపడడు. ఆపమన్నాక విఠల్ పట్టాలోంచి తల బయటపెట్టి అడిగాడు.

"మేడమ్, మీ మిషన్ల లైను అయిపోయిందని మీకెట్ల తెలుస్తది?"

"గంట కొడ్తది."

"అయితే నేను కొడ్త."

టీ తాగిన స్టీలు గ్లాసు పక్కన పెట్టుకున్నాడు. మీటల చప్పుడు వింటూ, ఒక వరసకు సరిపడా పడ్డాయనిపించగానే స్క్రూడ్రైవరుతో గ్లాసు మీద టింగుమనిపిస్తాడు. ఆమె ఒక్క లిప్త ఆగుతుంది, అతను కర్ర తిప్పుతాడు. శబ్దం ఎలాగూ తర్వాత వేరే కలుపుతారు కాబట్టి గంట మోగినా ఇబ్బంది లేదు. కెమెరా తిరిగింది. మొదటి వరస నిండింది, టింగ్. అంతే, సురేఖ ఎడమచెయ్యి దానంతటదే గాల్లోకి లేచింది. టైపు మిషనుకు వరస మార్చే కమ్మీ ఉంటుంది చూడండి, లేని ఆ కమ్మీని పట్టుకుని కుడివైపుకి ఒక్క తోపు తోసి మళ్ళీ నా మీదకి వచ్చేసింది. గంట మోగితే చెయ్యి లేవడం ఆమె చేతిలో లేదు. అయ్యో అని నేను అనుకునేలోపే రెండో గంట, మళ్ళీ చెయ్యి. ఆ లయకు విఠల్ కర్రా తిరిగింది. ఆమె వేళ్ళు, అతని గ్లాసు, పైకెక్కే ఆకుపచ్చ వరసలు, మూడూ ఒకే మనిషి ఊపిరిలా నడిచాయి. విఠల్ డబ్బా లోపల పెట్టిన ఆమె గాజులు కర్ర తిప్పినప్పుడల్లా గలగలమన్నాయి.

మళ్ళీ తీద్దామనుకునేసరికి బల్బు వేడికి కాగితం అంటుకుని మానిటరు నెత్తి మీంచి సన్నగా పొగ లేచింది. ఉన్నది ఒకటే చుట్ట. దాంతో ఆ షాటే ఖాయమైంది. చేతి ఊపుకి తగ్గట్టు మిగతా సీన్లన్నిటిలోనూ హీరోగారు కంప్యూటరు ముందు కూర్చున్నప్పుడల్లా ఎడమచెయ్యి గాల్లో తిప్పక తప్పలేదు. పాపం, అద్దం ముందు నిలబడి నేర్చుకున్నారు.

ఆ గందరగోళంలో సురేఖ గాజులు మరిచి వెళ్ళింది. ఇచ్చిరావడానికి విఠల్ చిక్కడపల్లి వెళ్ళాడు. ఇచ్చేశాక కూడా ఏదో ఒక పని మీద వెళుతూనే ఉన్నాడు. నన్ను తళతళలాడేలా తుడుస్తూ ఆ కబుర్లన్నీ నాకే చెప్పేవాడు. చివరికి ధైర్యం చేసి అంబాదాస్ సారుతో పెళ్ళి మాట ఎత్తాడు.

సారు కోప్పడలేదట. సినిమాలో ఏం పని చేస్తావని అడిగారట. లేనిదాన్ని ఉన్నట్టు చూపించే పని సార్ అన్నాడట మనవాడు. సారుకి అది పనిలా తోచలేదు. "నువ్వు జేసిన పని తెర మీద నా కండ్లతోని జూస్త. అప్పుడు మాట్లాడుదాం," అని పంపేశారు.

ఇప్పుడు చిక్కు అర్థమైంది కదా. విఠల్ పని బాగుంటే అది పని అనే తెలియదు. సారు మెచ్చేలా కనపడిందంటే అది చెడిందని లెక్క. పైగా ఆ సీనులో ఉన్నవి సారు కూతురి చేతులు. ముప్పై ఏళ్ళుగా చేతులు చూసి పాఠం చెప్పే మనిషికి సొంత కూతురి చెయ్యి తెలియకుండా ఉంటుందా? సీను పెద్దదైందని కోసేస్తారన్న పుకారు వచ్చినప్పుడు విఠల్‌కు అన్నం సహించలేదు. కొయ్యలేదన్నప్పుడు సురేఖకు నిద్రపట్టలేదు. పెళ్ళి కావాలనుకున్న ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకుని భయపడ్డారు.

సినిమా విడుదలైంది. మమ్మల్ని, అంటే నన్నూ నా డొల్ల మానిటరునూ, చిక్కడపల్లి దగ్గరి క్రాస్‌రోడ్స్‌లో ఒక థియేటరు వరండాలో బల్ల మీద పెట్టారు. చుట్టూ తాడు కట్టి 'హీరో వాడిన కంప్యూటర్' అని బోర్డు రాశారు. కాపలా విఠల్‌దే. హాల్లోంచి ఈలలు వినపడేవి. హీరోగారు ఎడమచెయ్యి గాల్లో తిప్పినప్పుడల్లా జనం ఊగిపోయేవారు. క్యూలో నిలబడ్డ కుర్రకారంతా అదే తిప్పుడు. షూటింగులోని మిగతావాళ్ళను పక్కన పెడితే, అది ఎవరి చెయ్యో తెలిసినవాళ్ళం ముగ్గురమే. నేను నోరు లేనిదాన్ని, మిగతా ఇద్దరూ నోరు విప్పలేరు.

మ్యాట్నీకి అంబాదాస్ సారు వచ్చారు, కూతురిని వెంటపెట్టుకుని. లోపలికి వెళుతూ విఠల్ వైపు ఒక్క చూపు చూశారు, అంతే. లోపల ఆ సీను వచ్చినప్పుడు సురేఖ తన రెండు చేతులూ చున్నీలో దాచుకుందట. సారు తెర వైపు వంగి, పెదాలు కదుపుతూ ఏదో గొణుక్కున్నారట. అది ఏ, ఎస్, డీ, ఎఫ్ అని ఆమెకు వినపడిందట. ఆ తర్వాత ఆయన మళ్ళీ కుర్చీకి ఆనుకోలేదు.

ఆట వదిలాక జనం తగ్గేదాకా ఆగి, సారు నేరుగా నా దగ్గరికి వచ్చారు. తాడు పైకెత్తి లోపలికి దూరారు. విఠల్ టీ గ్లాసు చేత్తో పట్టుకుని కొయ్యబారిపోయాడు. సారు కళ్ళజోడు సవరించుకుని నా మీద వేళ్ళు వాల్చారు. అబ్బా, ఏం వేళ్ళవి. సురేఖ వేళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో అప్పుడు తెలిసింది. మొదటి పాఠం కొట్టడం మొదలుపెట్టారు. తొణకని బెణకని చప్పుడు.

విఠల్ ఏమనుకున్నాడో, అసలు ఏమైనా అనుకున్నాడో లేదో. వరస నిండే చోటు అతని చెవికి తెలిసిపోయింది. జేబులోని స్క్రూడ్రైవరు తీసి గ్లాసు మీద టింగుమనిపించాడు.

సారు ఎడమచెయ్యి గాల్లోకి లేచింది. లేని కమ్మీని ఒక్క తోపు తోసి నా మీదకి దిగింది.

టిక్కెట్ల క్యూలో ఉన్నవాళ్ళు ఒక్కసారిగా ఈలలు వేశారు. తెల్లజుట్టు పెద్దాయన కూడా హీరో అభిమాని అనుకున్నారు. సారు తన చెయ్యి వైపు తనే చూసుకున్నారు, అది వేరెవరిదో అయినట్టు. తర్వాత కూతురి వైపు చూశారు. సురేఖ తల దించుకుని, చున్నీలోంచి చేతులు బయటపెట్టింది.

"ఇంట్ల చెప్తే వద్దంటుంటి," అన్నారు సారు. "అందుకే చెప్పలే గదా?"

సురేఖ తల ఊపింది.

ఆయన విఠల్ వైపు తిరిగారు. "గంట కొట్టింది నువ్వేనా?"

"అవును సార్."

"పిల్ల చేతులు నీకు కనపడ్డయా?"

"లేదు సార్. ఇన్న, అంతే."

సారు మానిటరు వెనక్కి వెళ్ళి చపాతీ కర్రలు చూశారు. ఒక కర్రను కొద్దిగా తిప్పారు. మాడిన కాగితం ముక్క ఒకటి ఆకుపచ్చగా పైకి వచ్చింది. ఆయన మొహంలో మొదటిసారి నవ్వు కనపడింది. చూడకుండా వినేవాడు దొరకడం కష్టమనీ, తన క్లాసులో ఎందరో పిల్లలకు లయ గురించి మొత్తుకున్నాననీ తనలో తను అనుకున్నట్టే అన్నారు. అది విఠల్‌కు చెప్పిందో సురేఖకు చెప్పిందో నాకు తెలియలేదు. ఆ ఇద్దరికీ మాత్రం తెలిసింది. సురేఖ గాజులు చిన్నగా మోగాయి. డబ్బా లోపల మోగిన గాజులే అవి, ఆ చప్పుడు నేను మరిచిపోలేదు.

మీతో ఒక మాట దాచను. ఆ క్షణంలో నాకు కొంచెం ఈర్ష్య కలిగింది. తెర మీద నేను బ్యాంకులు దోచాను, దొంగల గుట్టు బయటపెట్టాను, ఊరంతా ఈలలు వేయించాను. నిజానికి నాలోంచి ఒక్క అక్షరమైనా ఎక్కడికీ చేరలేదు. నా తోక, అంటే కంప్యూటరుకు తగిలించాల్సిన తీగ, కింద బల్ల కాలికి పురికొసతో కట్టేసి ఉంది. నన్ను ఆనుకుని ఇద్దరు మనుషులు ఒకటవుతున్నారు, నేను మాత్రం దేనికీ తగులుకోలేదు.

సారుకి అది ఎలా తెలిసిందో ఏమో. వంగి, ఆ తాడు ముడి చూశారు. నా తోకను చేతిలోకి తీసుకుని చివర్న ఉన్న పిన్నులు ఒకసారి ఊదారు. ఇన్‌స్టిట్యూట్‌కు కొత్తగా కొన్న కంప్యూటరు ఒకటి ఉందనీ, టైపు మిషన్లు చిన్నబుచ్చుకుంటాయని దాని మీద దుప్పటి ఇంకా తియ్యలేదనీ చెప్పారు. తర్వాత విఠల్ భుజం మీద చెయ్యి వేసి అన్నారు:

"రేపు పొద్దుగాల మీ అమ్మ నాయినలను తోలుకొని ఇన్‌స్టిట్యూట్‌కు రా, కూసొని మాట్లాడుదాం. ఇగో, దీన్ని గూడ పట్కరా. పాపం, ఒక్క అక్షరమన్న నిజంగ పడనీ."