సజెస్ట్స్ అన్న ఒక్క మాట

జగిత్యాలలో ఒక కోచింగ్ సెంటర్లో అఫ్రీన్ ఇంగ్లీషు చెబుతుంది. ఆ రోజు పాఠం, నేరుగా అనకుండా తెలియజెప్పే మాటల గురించి. హింట్ అంటే సూచాయగా అందించడం, ఇన్సిన్యుయేట్ అంటే చాటుగా నింద అంటగట్టడం అని విడమరిచింది. సజెస్ట్ అని రాయబోతుంటే చెయ్యి ఆగింది.

"మేడం, సజెస్ట్ అంటే సలహా ఇచ్చుడే కదా?" ముందు బెంచీలోంచి ప్రీతి అడిగింది.

"మనిషి చేస్తే సలహా. రిపోర్టుల గిట్ల రాస్తే..." అఫ్రీన్ చాక్‌పీసు కింద పెట్టింది. "అయి ఉండొచ్చు అని. అయిందని కాదు."

"అంటే డౌట్ అన్నట్టు."

"డౌటే."

ప్రీతికి ఒక్క నిమిషంలో తెలిసిన ఈ సంగతి తొమ్మిదేళ్ల క్రితం అఫ్రీన్‌కు తెలియదు.

అప్పుడామె కోరుట్లలో ఇంటర్ చదువుతోంది. అదే గల్లీలో ఉండే సత్తవ్వ ఒక కాగితం పట్టుకొని వచ్చింది. ఆమె భర్త పోశం దుబాయిలో కట్టుబడి పనిలో ఐదో అంతస్తు నుంచి పడి చనిపోయి అప్పటికి నెల. ఎట్లా పడ్డాడో అక్కడివాళ్లు రాసి పంపిన కాగితం అది. గల్లీలో ఇంగ్లీషు మీడియం పిల్ల అఫ్రీన్ ఒక్కతే. పది మంది చుట్టూ చేరారు. ఒక వాక్యంలో సజెస్ట్స్ అన్న మాట ఆమెకు అర్థం కాలేదు. రాదని చెప్పడానికి నామోషీ. దాన్ని దాటేసి మిగతాది చెప్పేసింది.

"కావాలనే దూకిండని రాసిండ్రు అక్కా."

"ముందు రోజే ఫోన్ల లొల్లి పెట్టుకున్న," అంది సత్తవ్వ, తనలో తాను అనుకున్నట్టు.

పక్కనే నిలబడ్డ అత్త గంగవ్వ ఆ మాట పట్టుకుంది. "నీ నోటికే నా కొడుకు దూకిండు!" నెల తిరక్కుండానే సత్తవ్వ సిరిసిల్లలో తల్లిగారింటికి వెళ్లిపోయింది.

డిగ్రీలో ఒకనాడు ఆ మాటకు అసలు అర్థం అఫ్రీన్ కంటబడింది. ఆనాటి నుంచి పోశం ఆమెను వదల్లేదు. కడుతున్న బిల్డింగు కనబడితే తలెత్తి చూసేది కాదు. బోర్డు మీద ఆ మాట రాస్తే వెనక ఎవరో దబ్బున పడ్డట్టుండేది. తిరిగి చూస్తే పిల్లలు తలలు వంచుకొని రాసుకుంటూ ఉండేవారు.

ప్రీతి అడిగిన ఆ వారమే, ఆదివారం పొద్దున్నే ఆమె సిరిసిల్ల బస్సెక్కింది. తల్లిగారింటి గడపలో సత్తవ్వ గుర్తుపట్టి నవ్వింది. అఫ్రీన్ కూర్చోలేదు.

"అక్కా, గా కాగితం ఉన్నదా?"

సత్తవ్వ నవ్వు ఆగిపోయింది. పెట్టె అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అఫ్రీన్ ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివింది.

"పడ్డ తీరును బట్టి దూకి ఉండొచ్చని అనిపిస్తున్నది. చూసినోళ్లు ఎవలు లేరు. గంతే అక్కా. దూకిండని లేదు. నేనే తప్పు చెప్పిన."

"అంటే జారి పడి ఉండొచ్చా?"

"ఉండొచ్చు."

"దూకి గూడ ఉండొచ్చు."

"ఎవలకు తెల్వదు అక్కా."

సత్తవ్వ కాగితం అందుకొని మడతలు సాపు చేసింది. "తొమ్మిదేండ్లు ఆయన ఫోటో గోడకు పెట్టలే. గింత మాటకు నన్ను ఇడిసిపెట్టి పోయిండని." తర్వాత తలెత్తింది. "అప్పుడు నువ్వు చిన్నపిల్లవు, సరే. తెలిసినంక ఎందుకు రాలే?"

"భయమైంది."

సత్తవ్వ కాగితాన్ని మళ్లీ కవరులో పెట్టి చంకన పెట్టుకుంది. చెప్పులు వేసుకుంది. "కోరుట్లకు పోదాం పా. ఆడ పది మందిల చెప్పినవ్. ఆడనే చెప్పాలె."

ఇద్దరూ బస్సెక్కారు. కోరుట్లలో గంగవ్వ మంచంలో ఉంది. చూపు సరిగా ఆనడం లేదు. గడపలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు నిలబడ్డారు. అఫ్రీన్ గొంతు పెంచి, మొదటి నుంచి చివరి దాకా చదివి, తెలుగులో చెప్పింది. తన తప్పు కూడా చెప్పింది.

గంగవ్వ చెయ్యి గాలిలో వెతుక్కుంది. సత్తవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"మళ్ల సదువు బిడ్డా," అంది ముసలామె.

అఫ్రీన్ మళ్లీ చదివింది. గంగవ్వ మళ్లీ అడిగింది.