సలోమి చేతి తాపీ

నేను ఒక తాపీని. సిమెంటు మెత్తే పనిముట్టేగా అని తీసిపారేయకండి. చీరాల పక్క ఊళ్లో ఓ కమ్మరి లారీ కమాను ముక్కను ఎర్రగా కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. తుమ్మకర్ర పిడి వేశాడు. లారీ బరువు మోసిన ఇనుమును కదా, పుట్టుకతోనే నాకు కాస్త పొగరు.

పన్నెండేళ్లు ఏసురత్నం మేస్త్రీ చేతిలో ఉన్నాను. మోకాళ్లు చెడి నిచ్చెన ఎక్కలేకపోయిన రోజున, అన్నేళ్లూ తనకు సిమెంటు మాలు అందించిన భార్య సలోమి చేతిలో నన్ను పెట్టాడు. ఊరు నవ్వింది. ఆడది తట్ట మోయాలి గానీ తాపీ పట్టడమేమిటన్నారు. ఆరు నెలలు ఒక్కరూ పని ఇవ్వలేదు. నాకు తుప్పు, ఆమెకు దిగులు పట్టుకున్నాయి.

చివరికి మగ్గం నేసే బుచ్చిలింగం పిలిచాడు. నమ్మకంతో కాదు, ముగ్గురు మేస్త్రీలు చేతులెత్తేశాక. వానొస్తే ఆయన డాబా కారి, నీళ్లు సరిగ్గా మగ్గం గుంటలోకే దిగేవి.

"ఈసారి కూడా కారిందంటే మళ్లీ తట్టే మోసుకుందువు గాని," అన్నాడు.

సలోమి నిచ్చెన వేసుకుని డాబా ఎక్కింది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఆ ముగ్గురూ పగుళ్ల మీద సిమెంటు పూసి పోయినవాళ్లే. సలోమి డాబా నడుమ బిందెడు నీళ్లు కుమ్మరించి చూస్తూ కూర్చుంది. నీళ్లు నైరుతి మూలకు పోయి అక్కడే నిలిచాయి.

"ఇక్కడి తూము ఏమైందయ్యా?"

"వాస్తు సిద్ధాంతి మూయిచ్చాడమ్మా. నీళ్లు ఈశాన్యానికే పోవాలంట. అటు కొత్త తూము పెట్టిచ్చాగా!"

"ఆ ముక్క ఆయన మీకు చెప్పాడు గానీ నీళ్లకెవరూ చెప్పలా. వాటం ఇంకా ఇటే ఉంది."

మనుషులు భలేవాళ్లు. తూము మార్చారు, వాటం మార్చడం మరిచారు, పైగా డాబాను తిట్టుకున్నారు.

సలోమి సిద్ధాంతి మాటా పోనివ్వలేదు. పాత పూతంతా పగలగొట్టి, నైరుతి ఎత్తుగా, ఈశాన్యం పల్లంగా కొత్తది వేసింది. పిట్టగోడ వెంబడి తూము దాకా కాలువ తీర్చింది. అరచేయి బొబ్బలెక్కినా నన్ను వదల్లేదు. నిజం చెప్పాలంటే, ఏసురత్నం చేతిలో కూడా నేనంత నున్నగా ఆడలేదు.

పదో రోజున తుపాను పట్టింది. సలోమి నన్ను నడుముకు దోపుకుని, తడుస్తూ పరుగెత్తుకొచ్చి మగ్గం గుంటలోకి దిగింది. అరచేత్తో మట్టిని నొక్కి చూసింది. పొడిగా ఉంది. బయట ఈశాన్యపు తూములోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. ఆమె ఆ గుంటలోనే కూర్చుని ఏడ్చేసింది. నా గర్వం నేనెవరికి చెప్పుకోను?

పని కుదిరితే మేస్త్రీకి పంచె పెట్టడం మా వైపు మర్యాద. బుచ్చిలింగం తెచ్చిన పంచెను చేతిలోనే అటూ ఇటూ తిప్పి, లోపల పెట్టేసి వచ్చాడు.

"మగ్గం మీదికి ఎక్కించే తొలి చీర మీదే, మేస్త్రీ గారూ. రంగు చెప్పండి."

సలోమి కళ్లు తుడుచుకుంది. "సిమెంటు మరక కనబడని రంగెయ్యండి. పనికి కట్టుకెళ్లాల."

ఇప్పుడు నేను అరిగి సగమయ్యాను. మూలన పడేసిందనుకునేరు! ఆమె దగ్గర ముగ్గురు ఆడవాళ్లు పని నేర్చుకుంటున్నారు. ఎవరైనా సరే, తొలి పూత నాతోనే వెయ్యాలి.