ఒకటి తక్కువ చీటీ

విశ్వవిద్యాలయం వాళ్ళు హైస్కూలు పిల్లలకు పెట్టిన లెక్కల పోటీలో అన్నిటికన్నా గందరగోళమైన ఆట చీటీల పందెం. జట్టుకు ముగ్గురు ఒకరి వెనక ఒకరు కూర్చోవాలి. ముందు కుర్చీవాళ్ళు తమ లెక్క చేసి, వచ్చిన సంఖ్యను చీటీ మీద రాసి వెనక్కి అందించాలి. ఆ సంఖ్య లేనిదే రెండోవాళ్ళ లెక్క మొదలవదు, వాళ్ళ జవాబు అందనిదే మూడోవాళ్ళది కదలదు. చీటీలు ఎన్నయినా పంపుకోవచ్చు గానీ ఒక్కో చీటీ మీద ఒక్క సంఖ్యే ఉండాలి. మాట్లాడకూడదు, వెనక్కి తిరగకూడదు. గంట కొట్టేలోగా మూడోవాళ్ళు రాసిందే జట్టు జవాబు. పదో తరగతి పిల్లల్ని నోరు మూసుకుని కూర్చోమన్న మహానుభావుడికి పిల్లలు లేరని మాత్రం తేలిగ్గానే చెప్పొచ్చు.

ఆ జట్టులో మధ్య కుర్చీ అమ్మమ్మది. పదిహేనేళ్ళ పిల్లకు ఆ పేరు ఊరికే రాలేదు. అందరి పెన్సిళ్ళూ తనే చెక్కుతుంది, అందరూ తిన్నారో లేదో తనే కనుక్కుంటుంది, అడక్కుండానే అందరి తప్పులూ దిద్దుతుంది. వెనక కుర్చీలో ఆమె బాబాయి కూతురు. లెక్క తెగకపోతే ఆ పిల్లకు హాలంతా వినబడేలా ఆవలింత వస్తుంది, అందుకని పేరు కూడా ఆవలింతే. ముందు కుర్చీలో అమ్మమ్మ ప్రాణస్నేహితురాలు తొందర. ప్రశ్న చదవడం పూర్తికాకముందే తొందరకు జవాబు వచ్చేస్తుంది. వచ్చిన జవాబు తరచూ ఒకటి తక్కువుంటుంది. వరసగా పాతిన స్తంభాలు లెక్కపెట్టమంటే చివరిదాన్ని దారిలోనే వదిలేసి వచ్చే రకం.

ఆ ఒక్కటే ఇప్పుడు కొంప ముంచేలా ఉంది. పొద్దున బస్సు దిగగానే లెక్కల మేడం తొందరను ఆపింది.

"విడిగా రాసిన ప్రతి పరీక్షలోనూ ఒకటి పోగొడుతున్నావమ్మా. ఇవాళ రెండు రౌండ్లూ నీ చీటీలు నేను చూస్తాను. నిలకడ కనబడకపోతే దీని తరవాత జరిగే పెద్ద పోటీలో ముందు కుర్చీ, మన జట్టుకు అదనంగా పెట్టుకున్న అమ్మాయికి ఇవ్వాల్సొస్తుంది."

"సరే మేడం" అంది తొందర, మేడం మాట పూర్తికాకముందే.

అదనపు అమ్మాయి మంచిదే, పాపం. కానీ తొందర లేని జట్టును తలచుకుంటే అమ్మమ్మకు గుండెలో రాయి పడ్డట్టయింది. రెండో తరగతి నుంచీ ఆ జడ వెనకే కూర్చుని చదువుకుంది మరి.

ఇందులో మేడంకు తెలియదని అమ్మమ్మ అనుకుంటున్న సంగతి ఒకటుంది. బడిలో చీటీల పందెం సాధన చేసేటప్పుడు తొందర చీటీ మరీ త్వరగా వచ్చిందంటే, అమ్మమ్మ గుట్టు చప్పుడు కాకుండా దానికి ఒకటి కలుపుకునేది. నూటికి తొంభైసార్లు జవాబు సరిపోయేది. ఏడాదిగా జరుగుతున్న ఈ దానధర్మం తొందరకూ తెలియదని అమ్మమ్మ నమ్మకం. కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లికీ అంతే నమ్మకం ఉంటుందంటారు.

హాలు మెట్లుమెట్లుగా పైకి లేచి ఉంది. కదిలితే కిర్రుమనే మడత కుర్చీలు, కిందికీ పైకీ జరిగే పచ్చబోర్డులు. బట్టతల ప్రొఫెసర్ ఒకాయన గంట పట్టుకుని నిలబడ్డాడు. గంట మోగింది.

అమ్మమ్మ ఇంకా పెన్ను మూత తీయనేలేదు, భుజం మీదుగా చీటీ వచ్చి ఒళ్ళో పడింది. ఇరవై నాలుగు.

ఇంత త్వరగానా? అయితే ఒకటి తక్కువే, సందేహం లేదు. అమ్మమ్మ ప్రశ్న ఒకటి నుంచి ఆ సంఖ్య దాకా అన్నీ కలిపితే ఎంతని. ఇరవై అయిదు వేసుకుంది, మూడు వందల ఇరవై అయిదు వచ్చింది, వెనక్కి పంపింది. జట్టును గట్టెక్కించానని మురిసిపోయింది కూడా.

వెనకనుంచి ఆవలింత వినబడింది. వచ్చిన సంఖ్యను మూడు సమాన భాగాలు చేయడం ఆవలింత పని. మూడు వందల ఇరవై అయిదు అలా తెగదు. మాట్లాడకూడదన్నారు గానీ ఆవలించకూడదని ఎవరూ అనలేదు. ప్రొఫెసర్ తలెత్తి చూసి, తనూ ఒకసారి ఆవలించి ఊరుకున్నాడు.

ముందు కుర్చీలో జడ కదిలింది. రెండో చీటీ వచ్చింది. మళ్ళీ ఇరవై నాలుగే, ఈసారి కాగితం చిరిగేంత గట్టిగా రాసి ఉంది. దీని మొండితనం తగలెయ్య, అనుకుంది అమ్మమ్మ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటుందేమిటి? ఇరవై అయిదునే మళ్ళీ లెక్కకట్టి, మూడు వందల ఇరవై అయిదునే మళ్ళీ పంపింది. ఇంకా పెద్ద ఆవలింత వచ్చింది. పక్క జట్టులో ఒకడికి అంటుకుంది, అక్కణ్ణుంచి వరసంతా పాకింది.

అప్పుడు మూడో చీటీ వచ్చింది. ఇరవై మూడు.

అమ్మమ్మ బిత్తరపోయింది. ఇదేమిటి, వెనక్కి నడుస్తోంది? భయపడి చెడగొట్టుకుందా? ముందున్న జడకేసి చూసింది. ఆ భుజాలు భయపడ్డ భుజాల్లా లేవు. నవ్వు ఆపుకోలేక ఊగుతున్నాయి.

అప్పటికి వెలిగింది అమ్మమ్మకు. అది జవాబు కాదు. నువ్వు ఎలాగూ ఒకటి కలుపుతావు కదా, కలుపుకో తల్లీ, అని చెప్పడం. అంటే దీనికి అంతా తెలుసు. ఒక్కసారిగా సిగ్గూ నవ్వూ కలిసి ముంచుకొచ్చాయి. చున్నీ నోట్లో కుక్కుకుని ఇరవై మూడుకు ఒకటి కలిపింది, మూడు వందలు పంపింది. వెనక ఆవలింత సగంలో ఆగిపోయింది. వంద అని రాసి ఇవ్వడం, గంట మోగడం ఒకేసారి జరిగాయి. సరైన జవాబే.

నవ్వులు సగంలో ఉండగానే మేడం చీటీలు పట్టుకుని వచ్చింది. "గుండ్రటి చెరువు, చుట్టూ రెండు వందల నలభై మీటర్లు, పది మీటర్లకో దీపం. ఇరవై నాలుగని రెండుసార్లు సరిగ్గా రాసి, చివర ఇరవై మూడెందుకు చేశావు? ఇదేనా నిలకడ? ఇక ఒక్క రౌండే మిగిలింది నీకు."

అమ్మమ్మ నోరు తెరవబోయింది. తొందర మోచేతి మీద గట్టిగా గిల్లింది. మేడం వెళ్ళిపోయాక మంచినీళ్ళ కుళాయి దగ్గర అమ్మమ్మ తొందరను నిలదీసింది.

"నీ కుర్చీ పోతుందని తెలిసే తప్పు చీటీ రాశావా?"

"నువ్వు వినకపోతే ఏం చెయ్యను మరి? ముగ్గురం మునిగేవాళ్ళం."

"నేను కలుపుతున్నానని ఎప్పుడు తెలుసు?"

"పోయిన నెల. ఒక్కదాన్నే రాస్తే తప్పుతున్నాను, నీ ముందు కూర్చుంటే ఒక్కటీ తప్పట్లేదు. నాకూ లెక్కలొచ్చు కదే."

"నీ మంచికే..."

"నా మంచికే గానీ, నా తప్పు నా కంట పడనిస్తే కదా నేను దిద్దుకునేది? ఈసారి ఏమొస్తే అది వేసుకో. ఒట్టు వెయ్యి."

అమ్మమ్మ ఒట్టు వేసింది.

రెండో గంట కొట్టారు. చీటీ మళ్ళీ మెరుపులా వచ్చింది. పదహారు. అమ్మమ్మ ఆ సంఖ్యను దానితోనే గుణించాలి. పదిహేడైతే రెండు వందల ఎనభై తొమ్మిదని చెయ్యి దానంతటదే రాయబోయింది. ఒట్టు గుర్తొచ్చి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, రెండు వందల యాభై ఆరు పంపింది.

వెనకనుంచి ఆవలింత మొదలైంది. మామూలు ఆవలింత కాదు, ఆవులించినవాళ్ళ పేగులు లెక్కపెట్టుకునేంత పెద్దది. ఒకటి కలిపితే చాలు, ఒకే ఒక్కటి. జట్టు గెలుపు తన పెన్ను మొనమీద ఉంది. అమ్మమ్మ పెన్ను తీసి కింద పెట్టి, రెండు అరచేతుల మీదా కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముందున్న జడ ఒక్క క్షణం కదల్లేదు. తరవాత కిందికి వంగింది. తొందర తన కాగితం మీద ఏదో గీత గీసి, వేలితో ఒక్కో చుక్కనూ తాకుతూ, జీవితంలో మొదటిసారి నెమ్మదిగా, చివరిదాకా వెళ్ళింది. చివర ఆగింది. తల కొట్టుకుంది. చీటీ వచ్చింది.

పదిహేడు.

అమ్మమ్మ పెన్ను అందుకోబోయి కింద పడేసింది, కుర్చీ కిర్రుమంటుండగా వంగి తీసింది, రెండు వందల ఎనభై తొమ్మిది వెనక్కి విసిరింది. ఆవలింత అందులోంచి ఒకటి తీసి, తొమ్మిదితో భాగించి, ముప్ఫై రెండులో మూడు రాసింది. రెండు రాయబోతుండగా గంట మోగింది.

కప్పు పక్క జట్టుకు పోయింది. ఓడిపోయినవాళ్ళు అంతలా నవ్వడం ఎప్పుడూ చూడలేదని ప్రొఫెసర్ అన్నాడు. మేడం రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూసింది. పదహారు, పదిహేడు.

"తిన్నటి రోడ్డు, నూట అరవై మీటర్లు, పది మీటర్లకో దీపం, రెండు చివరలా దీపాలు. చివరి దీపాన్ని పట్టుకొచ్చారన్నమాట." కళ్ళజోడు పైనుంచి నేరుగా మధ్య కుర్చీ వైపు చూసింది. "ఎవరు దిద్దారమ్మా దీన్ని? ఎప్పట్లాగే నువ్వేనా?"

ఆ 'ఎప్పట్లాగే' విని తొందర నాలిక కరుచుకుంది. మేడంకూ అంతా తెలుసన్నమాట. అమ్మమ్మ లేచి నిలబడింది. ఏడాదిగా సాయం చేసి ఒక్కనాడూ పొందని సంతోషం, ఏమీ చేయకుండా కూర్చున్న ఈ ఒక్క రోజున ఒంట్లో పట్టడం లేదు.

"నేను కాదు మేడం" అంది.